బ్లేడ్ చెరువుకి తూము యాడుంది?

"బ్లేడా? గడ్డం గీసుకునే బ్లేడా?" అంది అమ్మ ఫోన్లో. అది ఊరి పేరమ్మా అంటే నమ్మలేదు. స్లొవేనియా అని ఒక దేశం, ఇటలీకీ ఆస్ట్రియాకీ ఆనుకుని ఉంటుంది, ఆల్ప్స్ కొండలు తూర్పున సద్దుమణిగే చోటు అని వివరించబోయాను. "సరేలే, మీ నాన్నకి స్వెట్టర్ పెట్టు" అని పెట్టేసింది. తనకి మోకాళ్ల నొప్పులు, రానని ముందే తేల్చేసింది.

మా ఆఫీసులో ఆల్ప్స్ అంటే స్విట్జర్లాండే. వెళ్లొచ్చినవాళ్లందరిదీ అదే రైలు, అదే మంచు, అదే జర్కిన్, అదే ఫోటో. నలుగురికి లెక్కేస్తే మాకు అందలేదు. అలాంటి కొండలూ సరస్సులూ కాస్త తక్కువలో ఎక్కడైనా ఉన్నాయా అని వెతికితే ఈ దేశం తగిలింది. వీసా కథ వేరే ఉంది, అది చెప్పుకుంటూ కూర్చుంటే ప్రయాణం మొదలవదు.

మేం ఉండేది బెంగళూరులో, వర్తూరు చెరువు వైపు. ఫ్లాట్ అమ్మేటప్పుడు "లేక్ వ్యూ" అన్నారు. వ్యూ ఉంది, కాదనను. వాసన సంగతి బ్రోచర్లో వేయలేదు. పైనున్న బెళ్లందూరు చెరువు నీళ్లే ఇటు వస్తాయి. నురగ ముద్దలు ముద్దలుగా లేచి రోడ్డు మీద బైకుల వాళ్ల మొహాన పడటం చూశాం. 2017లో ఆ చెరువులో మంటలు లేస్తే టీవీలో చూసి ఊళ్లోవాళ్లంతా ఫోన్లు చేశారు. నాన్న మా దగ్గరికొచ్చినప్పుడల్లా కట్ట మీదికి వెళ్లి, ఏమీ మాట్లాడకుండా తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటాడు. అనంతపురం జిల్లాలో చిన్ననీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం మొత్తం చెరువుల మీదే గడిచింది.

అందుకే ఈ కథలో తూము, మరవ అనే రెండు మాటలు తరచూ వస్తాయి. తూమంటే కట్ట అడుగు నుంచి నీళ్లు బయటికి వదిలే దారి. మరవంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు. తెలంగాణలో అలుగు, మత్తడి అంటారే, అదే.

మొదటి రోజు, శుక్రవారం

బెంగళూరు నుంచి మ్యూనిక్‌కి నేరుగా విమానం. అక్కణ్ణుంచి రైలు, దాదాపు ఆరు గంటలు. సాల్జ్‌బుర్గ్ దాటాక కొండలు దగ్గరికొచ్చాయి. పాప కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంది. నాన్న నిద్రపోయాడు. ఆస్ట్రియా చివర ఒక సొరంగం వస్తుంది, కరవాంకెన్ అంటారు, దాదాపు 8 కిలోమీటర్లు. చీకట్లో ఆస్ట్రియా అయిపోయి వెలుగులో స్లొవేనియా మొదలవుతుంది. సరిహద్దు అంటే అంతే.

లెస్సే-బ్లేడ్ స్టేషన్లో దిగాం. అక్కణ్ణుంచి ఊరు 4 కిలోమీటర్లు. కారు అద్దెకి ముందే బుక్ చేసుకున్నాం గానీ దొరకలేదు. క్రెడిట్ కార్డు నా పేరు మీద, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మా ఆయన పేరు మీద. రెండూ ఒకే మనిషికి ఉండాలట. కౌంటర్లో అబ్బాయి ఆ మాటే మూడుసార్లు చాలా మర్యాదగా చెప్పాడు, కారు మాత్రం ఇవ్వలేదు. మా ఆయన మొహం చూసి నాన్న, "బస్సులుండవా అల్లుడూ ఈ దేశంలో?" అన్నాడు. ఉన్నాయి, బాగానే ఉన్నాయి. ఆ తర్వాత వారమంతా బస్సుల్లోనే తిరిగాం.

గెస్ట్‌హౌస్ చేరేసరికి రాత్రి ఎనిమిది. బయట ఇంకా ఎండ. దేవుడికి దీపం ఎప్పుడు పెట్టాలో తెలీక నాన్న కాసేపు అయోమయపడ్డాడు.

రెండో రోజు, శనివారం

పొద్దున కిందికి దిగి మలుపు తిరగ్గానే బ్లేడ్ సరస్సు. ఫోటోల్లో ఎన్నిసార్లు చూసినా, ఎదురుగా చూసినప్పుడు కాస్త అనుమానం వస్తుంది, ఎవరో కావాలని పేర్చిపెట్టారేమో అని. మధ్యలో చిన్న ద్వీపం, దాని మీద తెల్లని చర్చి. పక్కన నిట్టనిలువు బండ మీద కోట. వెనక ఇంకా మంచు కరగని కొండల వరస. నీళ్ల మీద రెండు హంసలు. పాప అయితే "అమ్మా, ఇది రియలేనా?" అని అడిగేసింది.

నాన్న మాత్రం చుట్టూ చూసి, "కట్ట లేదే" అన్నాడు.

ఆయన లెక్కలో చెరువంటే ఎవరో కట్టింది. బెంగళూరు చెరువులు కూడా అంతే కదా. నది లేని ఊళ్లో వాన నీటిని ఆపుకోవడానికి కెంపేగౌడ కాలం నుంచీ మనుషులు తవ్వి, కట్టవేసి నిలబెట్టుకున్నవి. వాటిలో ధర్మాంబుధి చెరువు పూడిపోయి ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండైంది. ఇక్కడ తవ్వింది మంచు. వేల ఏళ్ల కిందట బోహిన్ అనే లోయ వైపు నుంచి జారుకుంటూ వచ్చిన హిమానీనదం నేలని గోకి, కరిగి వెనక్కి పోయాక ఆ గుంట నిండి సరస్సైంది. 2 కిలోమీటర్ల పైచిలుకు పొడవు, 30 మీటర్ల దాకా లోతు.

సరస్సు చుట్టూ నడకదారి 6 కిలోమీటర్లు. నిదానంగా నడిచినా రెండు గంటల్లో అయిపోతుంది. ఈ ఊరికి వచ్చేవాళ్లు ఇంకేం చేసినా చేయకపోయినా ఈ నడక నడవాలని నా అభిప్రాయం. అడుగడుక్కీ ద్వీపం వేరే మొహం చూపిస్తుంది. దారిలో ఒకప్పటి యుగోస్లావియా అధ్యక్షుడు టిటో విడిది భవనం వస్తుంది. "అలీనోద్యమం, నెహ్రూ, నాసర్, టిటో" అని నాన్న హైస్కూలు పాఠం ఒప్పజెప్పాడు. పాపకి ముగ్గురిలో ఒక్కరే తెలుసు.

ద్వీపానికి ప్లెత్న అనే పడవలో వెళ్లాలి. బల్లపరుపు అడుగు, పైన రంగు గుడ్డ కప్పు, ఇరవైమంది దాకా కూర్చోవచ్చు. మోటారు పడవలకి ఈ సరస్సులో అనుమతి లేదు. పడవవాడు వెనక నిలబడి రెండు తెడ్లతో తోస్తాడు. ఈ పని కొన్ని కుటుంబాలకే తరతరాలుగా వస్తున్న హక్కు. మనిషికి 20 యూరోల దరిదాపు అవుతుంది. నాన్నకి రూపాయల్లో చెప్పలేదు.

మా పడవవాడికి యాభై దాటి ఉంటాయి. నిలబడి తోస్తున్నా రొప్పు లేదు. మామూలుగా అందరూ పెళ్లి కథే అడుగుతారట. ద్వీపం మెట్లు 99, పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని ఎత్తుకుని పైదాకా ఎక్కాలి, ఆమె దారిలో నోరు విప్పకూడదు. ఆయన అది చెప్పడం మొదలుపెట్టేలోపే నాన్న నా మోచేయి పొడిచాడు. "ఈ చెరువుకి నీళ్లు యాడి నుంచి వస్తాయి, తూము యాడుంది, అడుగమ్మా."

తూముకి ఇంగ్లీషులో ఏమనాలో ఆలోచించి, నీళ్లు బయటికెలా పోతాయి అని అడిగాను. ఆయన తెడ్డు ఆపాడు. పడవ దానంతటదే కాస్త దూరం జారింది.

ఆయన చెప్పింది నేను ఏ ట్రావెల్ వీడియోలోనూ వినలేదు. ఈ సరస్సులోకి పెద్ద ఏరు ఏదీ రాదు. చిన్న వాగులు, కొన్ని ఊటలు, అంతే. హోటళ్లు పెరిగి, మురుగు చేరి, ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి నీళ్లు పాచి పట్టి ఎర్రబారిపోయేవి. అప్పుడు 1964లో పక్క లోయలోని రదోవ్న నది నుంచి కాలువ వేసి మంచినీళ్లు మళ్లించారు. అదీ చాల్లేదు. పాడైన నీళ్లు అడుగున ఉంటాయి, పైపైన మంచినీళ్లు పోస్తే అవి పైపైనే పోతాయి. అందుకని 1980ల మొదట్లో సరస్సు అడుగు దాకా గొట్టాలు దించి, అక్కడి చెడ్డ నీళ్లని బయటి వాగులోకి లాగే ఏర్పాటు చేశారు. నతెగ అంటారట దాన్ని. మోటార్లు లేవు. బయటి వాగు సరస్సు మట్టం కంటే కింద ఉంది కాబట్టి, మనం డబ్బాలోంచి గొట్టంతో కిరసనాయిలు లాగినట్టు, ఒకసారి పారడం మొదలైతే దానంతటదే పారుతుంది.

నేను తెలుగులో చెప్పడం పూర్తయ్యేసరికి నాన్న సీటు అంచుకి వచ్చేశాడు. "అంటే అడుగు తూము! మంచినీళ్లు కాదు, చెడ్డనీళ్లు వదిలే తూము!" అన్నాడు. పడవలో మిగతావాళ్లంతా తిరిగి చూశారు. పడవవాడికి భాష రాకపోయినా విషయం అర్థమైంది. నవ్వుతూ తెడ్డు ఎత్తి దక్షిణం వైపు ఒడ్డు చూపించాడు. మ్లినో అనే పేట, అక్కడుందట.

నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం నిరాశే కలిగింది. ప్రకృతి అందం అనుకుని చూస్తున్నది సగం ప్లంబింగ్ అని తెలిశాక చూపు మారుతుంది. కానీ వర్తూరు నుంచి వచ్చినదాన్ని, ఆ నిరాశ ఎక్కువసేపు నిలవలేదు.

ద్వీపం మీద చర్చిలో ఒక తాడు వేలాడుతుంటుంది. లాగితే పైన గంట మోగుతుంది, మూడుసార్లు మోగిస్తే కోరిక తీరుతుందంటారు. గంట 1534 నాటిది, ఇటలీలోని పాడువాలో పోతపోసింది. తాడు చేతులు పడీ పడీ నున్నగా, పాత బావి చేంతాడులా ఉంది. పాప ఊగిపోతూ లాగింది. ఏమీ మోగలేదు. రెండోసారి లాగితే తాడే పైకి వెళ్తూ దాన్ని మునివేళ్ల మీద నిలబెట్టింది. అప్పుడు మోగింది, మేం ఊహించినంత గట్టిగా కాదు, ఎక్కడో దూరంగా. ఏం కోరుకున్నావే అంటే చెప్పలేదు. కుక్కపిల్లే అయి ఉంటుంది.

తిరిగొచ్చాక నాన్న మ్లినో దాకా నడిపించాడు. సరస్సు నీళ్లు బయటపడే వాగు పేరు యెజెర్నిత్స. పెద్దగా చూడ్డానికేం లేదు. గట్టు మీద నిలబడి కిందికి చూస్తూ పది నిమిషాలు ఉన్నాడు. జేబులోంచి డైరీ తీసి ఏదో గీసుకున్నాడు. టూరిస్టులు మా పక్కనుంచి ఐస్‌క్రీములు తింటూ వెళ్లారు.

కోటకి నేనూ మా ఆయనా వెళ్లాం. 1011 నాటి పత్రాల్లోనే దాని ప్రస్తావన ఉంది, సరస్సు మట్టం నుంచి 130 మీటర్ల ఎత్తు. పైనుంచి దృశ్యం బాగుంది. లోపల మ్యూజియం చూడకపోయినా పోయేదేం లేదు.

సాయంత్రం అందరం క్రెమ్ష్నిత తిన్నాం. 1953 నుంచి ఇక్కడి పార్క్ హోటల్ వాళ్లు చేస్తున్న కేకు. చతురస్రంగా, కింద మీద అప్పడంలాంటి పొరలు, మధ్యలో పసుప్పచ్చని కస్టర్డ్, దాని మీద తెల్లటి క్రీమ్. చెంచా పెడితే పై పొర చిట్లి, కిందంతా వణుకుతుంది. నాన్న ప్లేటు ఖాళీ చేసి, "పాలకోవా కంటే బాగుందే" అన్నాడు. ఆయన శనివారం గుడ్డు ముట్టడు. కస్టర్డ్ దేంతో చేస్తారో మేమెవరం చెప్పలేదు.

మూడో రోజు, ఆదివారం

ఆదివారం ఇక్కడ కొట్లు మూస్తారని మాకు తెలీదు. సూపర్‌మార్కెట్లన్నీ తాళాలు. మా దగ్గర రైస్ కుక్కర్ ఉంది, కందిపొడి ఉంది, గోంగూర పచ్చడి ఉంది, పెరుగు లేదు. పెరుగన్నం లేకుండా నాన్నకి భోజనం ముగిసినట్టు ఉండదు. చివరికి పెట్రోలు బంకులో దొరికింది. బంకులో పెరుగు కొనుక్కున్న అనుభవం ఈ జన్మకి ఇదొక్కటే అనుకుంటా.

వింట్‌గార్ లోయకి ముందే టైం చూసి టికెట్ తీసుకోవాలి. గేటు దగ్గర హెల్మెట్లు ఇచ్చారు, పైనుంచి రాళ్లు పడొచ్చని. రెండు బండగోడల మధ్య 1.6 కిలోమీటర్ల ఇరుకు సందు, అడుగున నది, గోడలకి కొట్టిన చెక్క వంతెనల మీద మన నడక. 1891లో కనిపెట్టి, 1893లో జనాలకి తెరిచారు. నీటి రంగు చెప్పడం కష్టం. పసిరికా నీలమూ కలిపి, లోపల దీపం పెట్టినట్టు. ఒకచోట నెత్తి మీద ఎక్కడో రాతి కమాను, దాని మీద రైలు పట్టాలు. ఇక్కడి నది పేరు రదోవ్న అని బోర్డు మీద చూడగానే నాన్న ఆగిపోయాడు. "ఇదేనమ్మా, బ్లేడుకి నీళ్లిచ్చేది" అని, రైతుబజార్లో తెలిసినవాళ్లు కనిపించినట్టు ఆనందపడ్డాడు.

మధ్యాహ్నం రదోవ్లిత్స ఊళ్లో తేనెటీగల మ్యూజియం చూశాం. పాత తేనెపెట్టెల ముందు చెక్కలకి బొమ్మలు వేసేవాళ్లట. చనిపోయిన వేటగాడిని జంతువులన్నీ కలిసి ఊరేగింపుగా మోసుకుపోవడం ఒకటి. ఆడమనిషి నాలుకని దయ్యం సానపట్టడం ఇంకొకటి. మా ఆయన దాని ముందు అవసరానికి మించి నవ్వాడు.

నాలుగో రోజు, సోమవారం

బ్లేడ్ నుంచి బోహిన్‌కి బస్సు, 26 కిలోమీటర్లు. దారి పొడుగునా పొలాల్లో చెక్కతో చేసిన ఎండుగడ్డి చట్రాలు. నిలువు స్తంభాలు, అడ్డంగా వరసగా దూలాలు, పైన చూరు. గడ్డిని దూలాల మీద ఆరేసినట్టు వేస్తారు. కొజోలెత్స్ అంటారు. ఇంత వాన పడే చోట వామి వేస్తే కుళ్లిపోతుంది, గాలికి ఆరాలి. స్తూదోర్ అనే పల్లెలో అలాంటివి రెండేసి కలిపి ఒకే కప్పు కింద కట్టినవి వరసగా ఉన్నాయి.

బోహిన్ సరస్సు బ్లేడ్‌లా పలకరించదు. ద్వీపం లేదు, కోట లేదు, కేకు లేదు. 4 కిలోమీటర్ల పైన పొడవు, ఒక చివర రాతి వంతెన, చిన్న చర్చి, రెండో చివర కొండల గోడ. త్రిగ్లవ్ జాతీయ పార్కు లోపల ఉంది కాబట్టి ఒడ్డున కట్టడాలు తక్కువ. మొదటి అరగంట పాపకి బోరు కొట్టింది. తర్వాత రాళ్లు ఏరడం మొదలుపెట్టి, సాయంత్రం దాకా లేవలేదు.

నాకు మాత్రం ఈ రెంటిలో ఒకటే చూడమంటే బోహినే చూస్తాను. బ్లేడ్‌లో మనం చూస్తూనే ఉండాలి. ఇక్కడ కూర్చోవచ్చు.

నాన్నకి ఇక్కడ కట్ట దొరికింది. హిమానీనదం తోసుకొచ్చిన రాళ్లూ మట్టీ తూర్పు చివర అడ్డంగా కుప్పపడితే, దాని వెనక నిలిచిన నీళ్లే ఈ సరస్సు. వంతెన కిందినుంచి మిగులు నీళ్లు ఏరుగా బయటపడతాయి. కొంచెం ముందుకెళ్లి ఇంకో ఏటితో కలిసి సావ బోహింక అవుతుంది. అది సావ నదిలో, సావ బెల్‌గ్రేడ్ దగ్గర డాన్యూబ్‌లో కలుస్తాయి. "కట్ట దేవుడేసినాడు, మరవ దేవుడే పెట్టినాడు, కాంట్రాక్టరు లేడు" అన్నాడు నాన్న. ఆయన నోట కాంట్రాక్టరు లేడన్న మాట ఎంత పెద్ద మెచ్చుకోలో ఆయనతో పనిచేసినవాళ్లకే తెలుస్తుంది.

మా ఆయన ఈతకి దిగాడు. నాలుగు బారలు వేసి, పెదాలు నీలంగా పెట్టుకుని వచ్చాడు. ఏడాదికి మూడుసార్లు ఈ సరస్సు నీళ్లు పూర్తిగా మారిపోతాయట. అన్నీ కొండల మంచు నీళ్లేనని ఆయనకి వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఐదో రోజు, మంగళవారం

వాన. పడి ఆగే వాన కాదు, పొద్దున లేచేసరికి కొండలే లేవు. ఐరోపాలో బాగా వానలు పడే చోట్లలో ఈ జూలియన్ ఆల్ప్స్ ఒకటి. మేం దిగిన ఇంటావిడ కాఫీ పోస్తూ నన్నూ మా ఆయన్నీ చూపించి ఏదో అడిగింది. "విద్వా" అన్న మాట ఒక్కటే చెవిన పడింది. మీరిద్దరూ అని అర్థమట. ఒకరైతే ఒక రూపం, ఇద్దరైతే ఇంకోటి, ఇద్దరు దాటితే మరోటి. ద్వివచనం! నేను ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకున్నాను, మార్కుల కోసం, అందరిలాగే. రామః రామౌ రామాః అని బట్టీ పడుతూ, ఈ రామౌ ఎవరికి పనికొస్తుందిరా అని తిట్టుకున్నదాన్ని. ఇక్కడ కాఫీ పోసే చోట బతికి ఉంది.

మధ్యాహ్నానికి కాస్త తగ్గితే సావిత్స జలపాతానికి బయల్దేరాం. సరస్సు రెండో చివర నుంచి కాస్త పైకి వెళ్లాక, టికెట్ తీసుకుని, అడవిలో అయిదొందల పైచిలుకు మెట్లు. తిరుమల మెట్లెక్కిన మనిషికి ఇదేం లెక్కని నాన్న ముందు నడిచాడు. రెండొందల దగ్గర కూర్చున్నాడు. మూడొందల దగ్గర మళ్లీ కూర్చున్నాడు. గొడుగు మీద చినుకుల చప్పుడు, దాని వెనక ఇంకో చప్పుడు, మెట్టు మెట్టుకీ పెరుగుతూ. చివరి మలుపు తిరిగాక మాటలు వినపడటం ఆగిపోయింది.

నీళ్లు కొండ అంచు మీంచి కాదు, కొండ కడుపులోంచి పడుతున్నాయి. నిలువు బండ మధ్యలో చీలిక, అందులోంచి తెల్లగా దూకి 78 మీటర్లు కిందికి. పక్కన ఇంకో పిల్ల ధార. పైనెక్కడో చెర్నో యెజెరో, నల్ల సరస్సు, ఉంది. దాని నీళ్లు సున్నపురాయి బొరియల్లోంచి దిగి ఇక్కడ బయటపడతాయి. వాన వల్ల ఆ రోజు దాని పొగరు చూడాల్సిందే. తుంపరకి నా కళ్లజోడు పనికిరాకుండా పోయింది.

"పై చెరువుకి ఇది మరవ" అన్నాడు మా ఆయన, వారం నుంచి వింటున్న పరిభాష వాడదామని.

"మరవ కాదు బాబూ. మరవైతే పైనుంచి పొర్లాల. ఇది కడుపులోంచి వస్తాంది. తూమే" అన్నాడు నాన్న. జలపాతం హోరులో అరుచుకుంటూ మామా అల్లుళ్లిద్దరూ దీని మీద చాలాసేపు వాదించుకున్నారు.

ఈ జలపాతం పేరు పెట్టి ఫ్రాన్‌త్సె ప్రెషెరెన్ అనే కవి రాసిన పెద్ద కావ్యం 1836లో అచ్చయింది. ఆయన మొహం ఇక్కడి రెండు యూరోల నాణెం మీద ఉంటుంది, ఆయన చనిపోయిన రోజు జాతీయ సెలవు. చిల్లర మీద కవి ఉన్న దేశం అని మా ఆయన అంటే, పాప వెంటనే పర్సులో నాణేలన్నీ కుమ్మరించింది. యాభై సెంట్ల మీద మూడు శిఖరాల కొండ కూడా దొరికింది. అదే త్రిగ్లవ్, రేపు చూడబోయేది. మబ్బు వీడితే.

గదికొచ్చి తడి సాక్సులు హీటర్ మీద ఆరేసి, ఉప్మా చేసుకున్నాం. నాన్న లేడు. కిటికీలోంచి చూస్తే గొడుగు వేసుకుని రాతి వంతెన మీద నిలబడి ఉన్నాడు. వెళ్లి పక్కన నిలబడ్డాను. కింద నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, వాన చినుకులు పైన పడుతుంటే అడుగున గులకరాళ్ల మీద చేపల నీడలు కనిపిస్తున్నాయి. ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, తోక మాత్రం కదిలిస్తూ ఉన్నచోటే ఉన్నాయి. పొద్దుటి నుంచి మట్టం ఎంత పెరిగిందో నాన్న వంతెన రాళ్ల వరస చూసి లెక్కపెడుతున్నాడు. "ఇంత వాన పడినా బురద లేదు చూడు" అన్నాడు. కాసేపాగి, "మన కట్ట మీద లస్కరుండేవాడు. రాత్రి వాన పడితే లాంతరు తీసుకుని పోయి చూసేవాడు. ఇప్పుడా పోస్టే లేదు" అన్నాడు. నేనేమీ అనలేదు. ఇద్దరం చేపల్ని చూశాం.

ఆరో రోజు, బుధవారం

కడిగిన ఆకాశం. కేబుల్ కారులో వోగెల్ కొండకి ఎక్కాం, 1535 మీటర్లు. కింద సరస్సు మొత్తం ఒక్క చూపులో, ఎదురుగా త్రిగ్లవ్. 2864 మీటర్లు, దేశంలో అన్నిటికంటే ఎత్తు, జెండా మీద కూడా ఇదే. త్రి అంటే మూడు, గ్లవ అంటే తల. "త్రిశిరుడు" అన్నాడు నాన్న, పరిచయం అక్కర్లేనట్టు. 1778లో నలుగురు మొదటిసారి దీన్ని ఎక్కారు. వాళ్ల విగ్రహం బోహిన్‌లో ఉంది, ఆ నలుగురూ ఇంకా కొండకేసే చూస్తున్నట్టు నిలబెట్టారు. 1895లో యాకొబ్ అల్యాజ్ అనే ఊరి పూజారి శిఖరం మీద జానెడు నేల సొంత డబ్బుతో కొని, రేకు గూడు నిలబెట్టాడు. ప్రతి స్లొవేనియన్ జన్మకోసారైనా త్రిగ్లవ్ ఎక్కాలంటారు. మన కాశీ లాంటిది అనుకోండి, కాకపోతే తాళ్లు పట్టుకుని ఎక్కాలి.

మేం ఎక్కలేదు. పాప మంచులో జారి ప్యాంటు తడుపుకుంది. సాయంత్రం బస్సులో బ్లేడ్ చేరాం.

ఏడో రోజు, గురువారం

కారు లేని లోటు ఈ ఒక్కరోజే తెలిసింది. అందుకని చిన్న వ్యాన్ టూరు కుదుర్చుకున్నాం. విర్షిచ్ కనుమ, 1611 మీటర్లు, 50 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతిదానికీ నంబరు. ఇటువైపు మలుపుల్లో ఇంకా రాళ్లు పరిచిన దారే. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్ యుద్ధఖైదీల చేత వేయించిన రోడ్డు. 1916 మార్చిలో మంచు చరియ పడి ఎందరో పోయారు. వాళ్ల కోసం తోటి ఖైదీలు కట్టిన చిన్న చెక్క గుడి మలుపు పక్కన చెట్ల మధ్య ఉంది. అంతవరకూ మలుపులు లెక్కపెడుతున్న పాప అక్కణ్ణుంచి మానేసింది. 31 దగ్గర వాంతి కూడా చేసుకుంది. అల్లం మొరబ్బా పనిచేయలేదు.

అవతల దిగితే సోచ నది. దీని రంగు గురించి అందరూ చెప్తారు, చూస్తే నిజమే, మరకతాన్ని కరిగించినట్టు ఉంది. నాకు గుర్తున్నది మాత్రం చలి. మోకాళ్ల దాకా దిగి పది లెక్కపెట్టేలోపు ఎముకలు నొప్పెట్టాయి. కొబరిద్ దగ్గర ఇదే ఒడ్డున 1917లో పెద్ద యుద్ధం జరిగింది. ఇప్పుడు కయాక్‌లు వెళ్తున్నాయి.

తిరుగుదారిలో పాప కోలుకునే సంగతి జరిగింది. మోస్త్ న సోచి స్టేషన్లో మా వ్యాన్ వెళ్లి రైలెక్కింది. నిజంగానే, చదునైన బోగీ మీదికి. మేం వ్యాన్లోనే కూర్చున్నాం, రైలు మమ్మల్ని మోసుకుని 6 కిలోమీటర్ల పైన సొరంగంలోంచి బోహిన్ వైపు తేల్చింది. 1906లో తెరిచిన దారి ఇది. "బండి మీద బండి" అని పాప తాతకి హైఫై ఇచ్చింది.

ఎనిమిదో రోజు, శుక్రవారం

రైలు, సొరంగం, మ్యూనిక్.

ఇక్కడొకటి చెప్పాలి. నాన్న ఇంటి నుంచి స్టీలు బాటిల్ తెచ్చుకున్నాడు. ఈ దేశంలో ఏ ఊళ్లో చూసినా వీధి చివర రాతి తొట్టి, దానికో ధార, అందరూ పట్టుకుని తాగుతారు. 2016లో తాగునీటి హక్కుని రాజ్యాంగంలోనే రాసుకున్నారని ఎక్కడో చదివి నేనే చెప్పాను. అప్పటినుంచి ఆయన వారంలో ఒక్క నీళ్ల సీసా కొననివ్వలేదు. బోహిన్‌లో బయల్దేరే ముందు నింపిన బాటిల్ మాత్రం తాగలేదు. మూత బిగించి, స్వెట్టర్లో చుట్టి బ్యాగులో పెట్టాడు. అమ్మకట.

మ్యూనిక్ ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో ఆ బాటిల్ బయటపడింది. నీళ్లు తీసుకెళ్లకూడదు, పక్కన తొట్టిలో పారబోయండి అన్నాడు అక్కడి మనిషి. నాన్న తొట్టి వైపు చూశాడు. బాటిల్ వైపు చూశాడు. "పారబోసేదెందుకమ్మా" అని మూత తీసి, వరసలో నిలబడే, లీటరు నీళ్లూ ఎత్తిన బాటిల్ దించకుండా తాగేశాడు. వెనక నలభైమంది బెల్టులు చేత్తో పట్టుకుని చూస్తున్నారు. చివరి గుక్క తాగి, ఖాళీ బాటిల్ ట్రేలో పెట్టి, అటు దాటాడు.

గేటు దగ్గర కూర్చున్న పది నిమిషాలకి నా భుజం తట్టాడు.

"మరవ యాడుందమ్మా ఈడ?"